తూర్పు గోదావరి అమ్మకాలు ఎందుకు పడిపోయాయి? పెద్ద సంస్థల్లో రిపోర్టుల గొడవ

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత తూర్పు గోదావరిలోంచి కాకినాడ ఒకటి, అమలాపురం కేంద్రంగా కోనసీమ ఒకటి విడిపోయాయి. ఏజెన్సీ భాగం అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిసింది. మిగిలినదానికి పశ్చిమ నుంచి కొవ్వూరు, నిడదవోలు వైపు ప్రాంతాన్ని తెచ్చి కలిపి, రాజమహేంద్రవరం కేంద్రంగా, మళ్ళీ తూర్పు గోదావరి అనే పేరే ఉంచారు. అటు పాత పశ్చిమ గోదావరికి కేంద్రంగా ఉన్న ఏలూరు వేరే జిల్లా అయిపోయి, పశ్చిమ గోదావరి పేరు భీమవరానికి దక్కింది. అంటే గోదావరికి పడమటి గట్టున ఉన్న కొవ్వూరు ఇప్పుడు తూర్పు గోదావరిలో ఉంది. జనం దీనికి ఎప్పుడో అలవాటు పడిపోయారు. ఇబ్బందల్లా రిపోర్టులకే.

రొయ్యల మేత, ఎరువులు, పురుగుమందులు అమ్మే ఒక పెద్ద కంపెనీని ఊహించుకుందాం. హెడ్డాఫీసు హైదరాబాద్‌లో, డీలర్లు డెల్టా అంతటా. జిల్లాలవారీ అమ్మకాల డ్యాష్‌బోర్డ్ ఒకటి ఉంది, పోయిన ఏడాదితో పోల్చి పెరిగితే పచ్చగా, తగ్గితే ఎర్రగా చూపిస్తుంది. జిల్లాలు మారాక ఎవరో ఒక ఉద్యోగి బుద్ధిగా డీలర్ మాస్టర్‌లో, అంటే డీలర్ల వివరాలుండే పట్టికలో, కొత్త జిల్లా పేర్లు ఎక్కించాడు. డ్యాష్‌బోర్డ్ ఎలా కట్టారన్నదాన్ని బట్టి రెండింట్లో ఒకటి జరుగుతుంది. బిల్లు రాసిన రోజు ఏ జిల్లా ఉంటే అదే నిలిచిపోయేలా కడితే, పెద్ద తూర్పు గోదావరిని చిన్న తూర్పు గోదావరితో పోల్చి అమ్మకాలు సగానికి సగం పడిపోయినట్టు చూపిస్తుంది. డీలర్ పక్కన ఇప్పుడున్న జిల్లాని పాత బిల్లులకి కూడా అంటించేలా కడితే, పోలిక సరిగ్గా వస్తుంది గానీ, 2021లో బోర్డుకి ఇచ్చిన లెక్కకీ ఇప్పుడు తెరమీద 2021 అని కనిపించే లెక్కకీ పొంతన కుదరదు. ఆడిటర్ అడిగితే రెండూ నిజమే అని చెప్పాల్సిన పరిస్థితి.

రెండు పద్ధతులూ సాంకేతికంగా తప్పు కాదు, డేటా వేర్‌హౌస్ (సంస్థ డేటా అంతా రిపోర్టుల కోసం పోగుచేసే గిడ్డంగి) కట్టే వాళ్ళకి ఇది పాత పాఠమే, దాని మీద పుస్తకాలు రాసిన రాల్ఫ్ కింబల్ లాంటివాళ్ళు దీనికి రకాలుగా పేర్లు కూడా పెట్టారు. అసలు ప్రశ్న, ఏది చూపించాలో చెప్పేది ఎవరు? ఐటీ వాళ్ళని అడిగితే బిజినెస్ వాళ్ళు చెప్పాలి అంటారు. సేల్స్ వాళ్ళని అడిగితే అదంతా ఐటీ వాళ్ళు చూసుకుంటారు కదండీ అంటారు. ఫైనాన్స్ వాళ్ళు తమ సొంత ఎక్సెల్ షీట్ తీస్తారు. మూడు నెలలు గడిచాక రివ్యూ మీటింగ్‌లో రాజమండ్రి ఏరియా మేనేజర్ లేచి నిలబడి, సార్, మా జిల్లా చిన్నదైపోయింది, అమ్మకాలు తగ్గలేదు అని చెప్పుకోవాల్సి వస్తుంది.

పెద్ద సంస్థల్లో బిజినెస్ ఇంటెలిజెన్స్ (బీఐ, అంటే డేటాని నిర్ణయాలకి పనికొచ్చే రిపోర్టులుగా మార్చే పని) ఎక్కువగా చెడేది ఇలాంటి చోటే. టూల్ పాతదనో, సర్వర్ నెమ్మదనో చెడేది తక్కువ. రిపోర్ట్‌ని ఒకసారి కట్టి అప్పగించే పనిగా చూస్తారు తప్ప, యజమాని, వాడకందారులు, మరమ్మతు ఖర్చు, చివరికి ఒక ముగింపు తేదీ ఉండే సరుకుగా చూడరు. మేత బస్తా విషయంలో ఇదే కంపెనీ అలా చేయదు. దానికి ప్రొడక్ట్ మేనేజర్ ఉంటాడు, ఫిర్యాదుల రిజిస్టర్ ఉంటుంది, అమ్ముడుపోని రకాన్ని ఆపేస్తారు. అదే రిపోర్ట్ అయితే, అడిగినాయన బదిలీ అయిపోయినా, కట్టినాయన ఉద్యోగం మానేసినా, రోజూ పొద్దున్నే 6 గంటలకి అది ఎవరో ఒకరి మెయిల్‌లో పడుతూనే ఉంటుంది.

ఈ రంగం వయసు కూడా తక్కువేం కాదు. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1958లోనే బిజినెస్ ఇంటెలిజెన్స్ అనే పేరుతో వ్యాసం రాశాడు, 1989లో హోవర్డ్ డ్రెస్నర్ ఆ మాటని ఇప్పటి అర్థంలో వాడుకలోకి తెచ్చాడు. తర్వాత టూల్స్ మీద టూల్స్ వచ్చాయి. 2007, 2008 ప్రాంతంలో హైపీరియన్‌ని ఒరాకిల్, కాగ్నోస్‌ని ఐబీఎం, బిజినెస్ ఆబ్జెక్ట్స్‌ని శాప్ కొనేశాయి. 2015లో మైక్రోసాఫ్ట్ పవర్ బీఐ వచ్చింది, 2019లో టాబ్లోని సేల్స్‌ఫోర్స్ కొంది. పెద్ద సంస్థలో వీటిలో ఏదీ పూర్తిగా పోదు. కొత్తది వస్తుంది, పాతది ‘ఈ ఏడాది ఆఖరికి ఆపేస్తాం’ అన్న హామీ మీద ఏళ్ళ తరబడి నడుస్తుంది, రెండింటికీ లైసెన్స్ డబ్బులు కడుతూనే ఉంటారు. కొత్త టూల్ కొంటే గొడవలు తీరతాయని చెప్పేవాళ్ళకి ఒకటే ప్రశ్న వేయొచ్చు: జిల్లా విషయంలో ఏం చేయాలో ఆ టూల్ చెబుతుందా?

అమ్మకం అంటే ఏ అమ్మకం

మేత కంపెనీ ఉదాహరణనే ఇంకాస్త దగ్గర నుంచి చూద్దాం, ఎందుకంటే మొత్తం తగాదా ఇందులోనే ఉంది. 25 కిలోల మేత బస్తా ఫ్యాక్టరీ గేటు దాటి లారీ ఎక్కుతుంది. బిల్లు అయ్యింది, కాబట్టి ఫైనాన్స్ లెక్కలో అమ్మకం అయిపోయింది. ఆ బస్తా డీలర్ గోడౌన్‌లో దిగుతుంది. డీలర్ దాన్ని రైతుకి అరువు మీద ఇస్తాడు, సేల్స్ వాళ్ళలో కొందరు దీన్ని అసలు అమ్మకం అంటారు. రైతు దాన్ని చెరువులో చల్లుతాడు, ఫీల్డ్ టెక్నీషియన్ల దృష్టిలో మేత ఖర్చయ్యిందంటే అప్పుడే. పట్టుబడి, అంటే చెరువులో రొయ్యలు పట్టడం, అయ్యాక రైతు డీలర్‌కి, డీలర్ కంపెనీకి డబ్బు కడతారు, క్రెడిట్ విభాగం అంతవరకూ దీన్ని అమ్మకం అనడానికి మొహమాటపడుతుంది. మధ్యలో తడిసిన బస్తాలు వెనక్కి వస్తాయి, స్కీమ్ కింద ఉచితంగా ఇచ్చిన బస్తాలు ఉంటాయి, ఒక డీలర్ నుంచి ఇంకో డీలర్‌కి మళ్ళించిన లోడ్లు ఉంటాయి.

ఇప్పుడు ఎండీ గారు ‘జూలైలో భీమవరంలో ఎంత అమ్మాం?’ అని అడిగితే నలుగురు నాలుగు అంకెలు చెబుతారు, నలుగురూ నిజాయితీగానే చెబుతారు. ‘అందరికీ ఒకే అంకె ఉండాలి’ అని పట్టుబట్టే కన్సల్టెంట్లు ఇక్కడే పొరపడతారు. ఉన్నవి నాలుగు వేరు వేరు సంగతులు, వాటన్నిటికీ ఒకే పేరు పెట్టడమే సమస్య. గేటు దాటిన మేత, డీలర్ దగ్గర కదిలిన మేత, చెరువులో పడిన మేత, డబ్బు వచ్చిన మేత అని నాలుగు పేర్లు పెట్టి, ఒక్కోదానికి లెక్క కట్టే పద్ధతి రాసి, దానికి బాధ్యుడు ఎవరో పేరుతో సహా పెడితే మీటింగ్‌లో సగం టైమ్ మిగులుతుంది. ఈ పని కోడ్ రాయడం కంటే కష్టం. కోడ్ రాసే కుర్రాడికి ఆ అధికారం లేదు, అధికారం ఉన్న పెద్దాయనకి ఓపిక లేదు. రిపోర్టింగ్ ప్రొడక్ట్ మేనేజర్ అనేవాడు ఈ ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, బయటికొచ్చేలోపు ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. ఆ ఉద్యోగంలో గొప్ప భాగం ఇదే, ఉద్యోగ ప్రకటనల్లో మాత్రం ఈ ముక్క కనిపించదు.

అంకెకి బోనస్ ముడిపెట్టారంటే ఇంకో చిక్కు మొదలవుతుంది. గేటు దాటిన మేత మీద టార్గెట్ పెడితే మార్చి ఆఖరి వారంలో లారీలు వరసకడతాయి. డీలర్‌కి ఇష్టం లేకపోయినా గోడౌన్ నిండుతుంది, ఏప్రిల్‌లో అమ్మకాలు చప్పగా పడతాయి, కొంత సరుకు వెనక్కి కూడా వస్తుంది. ఒక కొలత లక్ష్యంగా మారితే ఇక మంచి కొలతగా మిగలదని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరు మీద చెప్పుకునే సూత్రం, దాని మూలం 1975 నాటి ఆయన మాటల్లో ఉంది. ఆయన చెప్పింది ద్రవ్య విధానం గురించి, ఇక్కడ మేత బస్తాలకీ అతికినట్టు సరిపోయింది. అందుకే టార్గెట్ అంకె పక్కనే డీలర్ దగ్గర మిగిలిన సరుకు ఎన్ని రోజులకి సరిపోతుందో కూడా అదే తెరమీద ఉండాలి. ఇది పెట్టమంటే సేల్స్ వాళ్ళు రకరకాల కారణాలు చెబుతారు. ఆ కారణాలు వినాల్సిందే, పెట్టడం మాత్రం మానకూడదు.

సగటు, బస్తా, మార్చి 31

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని డెల్టా డేటా మీద రిపోర్ట్ కట్టేవాళ్ళు తరచూ జారేచోట్లు మూడు ఉన్నాయి.

రొయ్యల్లో కౌంట్ అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది, ధరలో బోలెడు తేడా. ప్రాసెసింగ్ ప్లాంట్‌కి ఒక రోజు రెండు లాట్లు వచ్చాయనుకుందాం: ఒక టన్ను 30 కౌంట్, తొమ్మిది టన్నులు 100 కౌంట్. టూల్‌లో కౌంట్ కాలమ్‌ని లాగి పడేస్తే అది మారుమాట లేకుండా సగటు 65 అని చూపిస్తుంది. అసలు లెక్క, 1000 కిలోలకి 30 చొప్పున 30 వేల రొయ్యలు, 9000 కిలోలకి 100 చొప్పున 9 లక్షలు, మొత్తం 9 లక్షల 30 వేల రొయ్యల్ని 10 వేల కిలోలతో భాగిస్తే 93. 65 కౌంట్ ధరతో అంచనా వేసుకున్న ఎగుమతి విభాగానికి 93 కౌంట్ సరుకు చేతికొస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చెరువు గట్టు మీద నిలబడిన ఏ ఏజెంట్ అయినా 65 చూడగానే నవ్వుతాడు. రిపోర్ట్ కట్టినవాడికి నవ్వు రాకపోవడానికి కారణం, అతను కౌంట్ అనే మాటని కాలమ్ పేరుగా తప్ప చూడలేదు.

బస్తా సంగతి ఇంకా చిత్రం. డెల్టా రైతు ఎకరానికి 40 బస్తాల ధాన్యం అన్నాడంటే అది 75 కిలోల బస్తా, అంటే మూడు టన్నులు. ప్రభుత్వ కొనుగోలు లెక్కల్లో 40 కిలోల సంచి, అదే 40 సంచులు 1.6 టన్నులే. మద్దతు ధరేమో క్వింటాల్ మీద ప్రకటిస్తారు: 2024-25లో సాధారణ రకానికి 2300 రూపాయలు, ఊళ్ళో అది 75 కిలోల బస్తాకి 1725 అని చెప్పుకుంటారు. మిల్లర్ల దగ్గర్నుంచీ, రైతు సర్వేల నుంచీ, ప్రభుత్వ పోర్టల్ నుంచీ వచ్చిన మూడు ఫైళ్ళని కలిపి ‘మొత్తం బస్తాలు’ అని కూడిన షీట్‌ని ఎంత రంగుల చార్ట్‌లో పెట్టినా పనికిరాదు. కొలమానం లేని కాలమ్‌ని లోపలికి రానివ్వకపోవడం ఒక్కటే మందు.

మూడోది క్యాలెండర్. దాళ్వా (రెండో వరి పంట) నాట్లు జనవరిలో పడతాయి, కోతలు ఏప్రిల్‌లో. ఎరువులు, మందులు జనవరి నుంచి మార్చి దాకా అరువు మీద పోతాయి, వసూళ్ళు కోతలయ్యాక. మధ్యలో మార్చి 31 వచ్చి పంటని రెండు ఆర్థిక సంవత్సరాలుగా నరికేస్తుంది. ప్రతి ఏడాదీ ఆ రోజున డెల్టా బ్రాంచీల బకాయిలు చూసి ఎవరో ఒకరు హెడ్డాఫీసులో టెన్షన్ పడతారు, ప్రతి ఏడాదీ ఏరియా మేనేజర్ అదే వివరణ రాస్తాడు. ఆర్థిక సంవత్సరం వద్దని ఎవరూ అనరు, చట్టానికి అది కావాలి. దాని పక్కనే సార్వా (మొదటి పంట), దాళ్వా అని ఇంకో కాలం లెక్క కూడా తేదీల పట్టికలో ఉంటే, పోయిన దాళ్వాలో ఇదే సమయానికి బకాయి ఎంతో ఒక్క నొక్కుతో తెలుస్తుంది. పెట్టడానికి ఒక మధ్యాహ్నం పడుతుంది. ఇన్నేళ్ళూ ఎందుకు పెట్టలేదంటే, ఎవరూ అడగలేదు, అడగాలని ఏరియా మేనేజర్‌కి తెలియదు, టికెట్ (పని కోరుతూ సిస్టమ్‌లో పెట్టే అర్జీ) రాకపోతే పని మొదలుపెట్టకూడదని టీమ్‌కి రూలు.

అందుకే రిపోర్టింగ్ టీమ్‌ని ఏడాదికి ఒకసారైనా డెల్టాకి పంపాలి. పుణ్యక్షేత్రాల ట్రిప్పులా కాకుండా, ఒక డీలర్ కొట్లో పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చోబెట్టాలి, వీలైతే రాత్రి పట్టుబడికి కూడా తీసుకెళ్ళాలి. అర్ధరాత్రి మొదలై తెల్లవారుజాము దాకా సాగే కాటాని కళ్ళారా చూసినవాడికి, లాట్ తేదీ కింద పన్నెండు దాటకముందు తేదీ వేయాలా దాటాక తేదీ వేయాలా అన్న ప్రశ్న దానంతటదే తడుతుంది.

ధవళేశ్వరంలో చూసి నేర్చుకోదగింది

మంచి రిపోర్ట్ ఎలా ఉంటుందో చూడాలంటే సాఫ్ట్‌వేర్ కంపెనీల సదస్సులకి వెళ్ళక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర వరద హెచ్చరికల పద్ధతి చాలు. ఆర్థర్ కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యింది, ఇప్పుడున్న బ్యారేజీ దాని తర్వాతి రూపం. వరద వచ్చినప్పుడు అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ప్రవాహం లెక్కలో ఇవి సుమారుగా 10 లక్షల, 13 లక్షల, 17 లక్షల క్యూసెక్కులు. పైన భద్రాచలం దగ్గర ఇవే మూడు హెచ్చరికలు 43, 48, 53 అడుగులు. 2022 జూలైలో భద్రాచలంలో మట్టం 71 అడుగులు దాటినప్పుడు, ధవళేశ్వరంలో 25 లక్షల క్యూసెక్కుల పైన వదిలినప్పుడు, కోనసీమ లంకల్లో ఉన్నవాళ్ళకి ఏ డ్యాష్‌బోర్డూ అవసరం పడలేదు. ‘మూడో హెచ్చరిక’ అన్న రెండు మాటలు చాలు.

ఆ రెండు మాటల్లో ఎన్ని సంగతులు ఇమిడి ఉన్నాయో చూడండి. ఎక్కడ కొలుస్తారో ముందే ఖాయం చేశారు, కొలిచే చోటు మారదు. ఎవరు ప్రకటిస్తారో తెలుసు. ఎంత దాటితే ఏం చేయాలో ముందే నిర్ణయించుకున్నారు: ఏ కాజ్‌వే మునుగుతుంది, ఎక్కడికి పడవలు పంపాలి, ఎప్పుడు పునరావాస కేంద్రాలకి వెళ్ళాలి. వరద వచ్చాక కూర్చుని ‘ఈ అంకెకి అర్థమేమిటి’ అని చర్చ పెట్టరు. ఇంకో విశేషం, భద్రాచలం 43నీ ధవళేశ్వరం 11.75నీ ఎవరూ కలపరు, సగటు తీయరు. రెండూ అడుగులే, అయినా రెండు గేజీల్లో సున్నా మొదలయ్యే చోటు వేరని అందరికీ తెలుసు. ఇదే డేటాని ఒక కార్పొరేట్ టీమ్ చేతికిస్తే ‘గోదావరి సగటు నీటిమట్టం’ అని ఒక కార్డు తయారయ్యేదని అనుమానం.

దీన్ని కంపెనీ డ్యాష్‌బోర్డ్ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ముప్ఫై చార్టులు, పది ఫిల్టర్లు, కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో డేటా తేదీ. బకాయి ఎంత దాటితే డీలర్‌కి సరుకు ఆపాలి, ఆపమని చెప్పేది ఎవరు, అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. కొత్త రిపోర్ట్ అడిగిన ప్రతివాళ్ళనీ ఒక ప్రశ్న అడిగే అలవాటు చేసుకోవాలి: ఈ అంకె ఎంతకి మారితే మీరు రేపు పొద్దున్న వేరే పని చేస్తారు? జవాబు ఉంటే ఆ గీతనే తెరమీద పెట్టొచ్చు. జవాబు లేకపోతే అది తెలుసుకోవాలన్న ఉబలాటం మాత్రమే, దానికి ఒక ఎక్సెల్ ఫైల్ పంపితే సరిపోతుంది, కొత్త డ్యాష్‌బోర్డ్ కట్టక్కర్లేదు.

ఎక్సెల్ వదలదు, వదలక్కర్లేదు

ఎక్సెల్ మీద యుద్ధం ప్రకటించిన బీఐ టీములు ఎప్పుడూ ఓడిపోతాయి. కోట్లు పెట్టి కట్టిన డ్యాష్‌బోర్డ్‌లో అందరూ ముందు వెతికేది ఎక్స్‌పోర్ట్ బటన్. దాన్ని తీసేస్తే తెరమీది అంకెలు చూసి చేత్తో టైప్ చేస్తారు. దానికంటే ఎవరు, ఏ పేజీ నుంచి, ఎంత తరచుగా ఎక్స్‌పోర్ట్ చేస్తున్నారో లాగ్‌లో చూసి, వాళ్ళ దగ్గరికెళ్ళి ఆ షీట్‌లో ఏం చేస్తున్నారో అడగడం మంచిది. చాలాసార్లు అక్కడ ఒక వీలుకప్ (ఇంకో పట్టికలోంచి వివరం వెతికి తెచ్చే ఎక్సెల్ ఫార్ములా) ఉంటుంది, డీలర్ పేరు పక్కన ఏరియా మేనేజర్ పేరు తెచ్చుకోవడానికి. ఆ ఒక్క కాలమ్ డ్యాష్‌బోర్డ్‌లోనే ఉంటే ఎక్స్‌పోర్ట్ అవసరమే ఉండదు.

ఎక్సెల్‌తో భయపడాల్సింది దాని హద్దుల గురించి. పాత ఎక్స్ఎల్ఎస్ ఫైల్‌లో 65,536 వరసలే పడతాయి, కొత్తదాంట్లో 10,48,576. 2020 శరదృతువులో ఇంగ్లండ్‌లో ప్రజారోగ్య సంస్థ పాత ఫార్మాట్ వాడటం వల్ల వరసలు నిండిపోయి 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి, వాళ్ళతో మెలిగినవాళ్ళని వెతకడం ఆలస్యమైంది. ఆ ఎక్సెల్ ఎవరికీ ఎర్ర లైటు చూపించలేదు. పవర్ బీఐలో ఒక చార్ట్ నుంచి ఎక్సెల్‌కి దింపుకునేటప్పుడు కూడా 1,50,000 వరసల హద్దు ఉంది. డెల్టాలోని డీలర్ల ఏడాది బిల్లులన్నీ దింపుకుని, కింద మొత్తం కూడి, అది తెరమీది మొత్తంతో టాలీ కావట్లేదని టికెట్ పెట్టేవాళ్ళలో కొందరి సమస్య ఇదే. ప్రతి ఎక్స్‌పోర్ట్ పైన మొదటి వరసలో ‘మొత్తం ఇన్ని వరసలు, ఇందులో ఇన్ని’ అని పెట్టగలిగితే అలాంటి టికెట్లు చాలావరకు తగ్గుతాయి.

తాజాదనం గురించి కూడా ఇలాంటి అపోహే. అడిగిన ప్రతివాళ్ళూ ‘లైవ్’ కావాలంటారు. పవర్ బీఐలో మామూలు ప్రో లైసెన్స్‌తో షెడ్యూల్ పెట్టి రోజుకి 8 సార్లు డేటా తెచ్చుకోవచ్చు, ప్రీమియం తీసుకుంటే 48 సార్లు. ప్రాసెసింగ్ ప్లాంట్‌లో ఐస్, లేబర్, లారీలు చూసుకునేవాళ్ళకి గంటగంటకీ కావాలి, నిజమే, రొయ్య ఆగదు కదా. క్రెడిట్ విభాగానికి రోజుకొకసారి చాలు. బోర్డుకి నెలకొకసారి వచ్చేది అరగంట కిందటిదైతే ఏంటి, నిన్నటిదైతే ఏంటి?

ఎన్నిసార్లు తెస్తున్నారన్నదానికంటే ఎక్కడిదాకా వచ్చిందన్నది ముఖ్యం. కాలువ నీళ్ళు శివారు పొలానికి చివర్న చేరినట్టే, రాజోలు వైపు చిన్న బ్రాంచ్ లెక్కలు కూడా చివర్నే చేరతాయి: కరెంటు పోయుండొచ్చు, నెట్ లేకపోవచ్చు, తుపాను రోజుల్లో అసలు కొట్టే తీయకపోవచ్చు. తెరమీద మొత్తం అమ్మకం తగ్గిందని ఎర్రగా చూపిస్తుంది, నిజానికి నాలుగు బ్రాంచీల డేటా ఇంకా రాలేదు. డేటా రాలేదు అనేదాన్నీ అమ్మకం సున్నా అనేదాన్నీ వేరువేరుగా చూపించని రిపోర్ట్ మీద ఫీల్డ్‌లో వాళ్ళకి ఒకసారి నమ్మకం పోతే మళ్ళీ రావడం కష్టం. ఎన్ని బ్రాంచీలు అందాయి, ఏవి అందలేదు అన్న ఒక వరస పైన పెట్టడం పెద్ద పనేం కాదు, అయినా చాలాచోట్ల కనిపించదు.

ఆపడం అనే పని

పదేళ్ళు నడిచిన సంస్థలో రిపోర్టులు వేలల్లో పోగవుతాయి. ఒకే రిపోర్ట్ ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘జోన్ కోసం కాపీ’ అని మూడు రూపాల్లో, మూడు కొద్దిపాటి తేడాలున్న ఫార్ములాలతో ఉంటుంది. రాజమండ్రి, రాజమహేంద్రవరం, ఆర్‌జేవై మూడు ఊళ్ళుగా లెక్కకొచ్చే పాత షీట్లు ఇంకా ఎక్కడో బతికే ఉంటాయి. వాటన్నిటికీ సర్వర్ ఖర్చుంది, అంతకంటే మనిషి ఖర్చు ఎక్కువ: ఈ రిపోర్టులకి మూలమైన ఒక టేబుల్‌లో కాలమ్ పేరు మార్చాలంటే, ఏ పాత రిపోర్ట్ పగిలిపోతుందోనని ఎవరూ చేయి పెట్టరు. మార్పు ఆగిపోతుంది, దాని బదులు ఇంకో కొత్త కాలమ్ వస్తుంది.

అందుకే ఏ రిపోర్ట్‌ని ఎన్నిసార్లు తెరిచారో చూసి, వాడకం లేనివి ఆపాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. చాలా సంస్థల్లో తొంభై రోజులు ఎవరూ తెరవకపోతే తీసేయడం అనే నియమం పెడతారు. డెల్టాలో అది చెల్లదు. దాళ్వా వసూళ్ళ రిపోర్ట్‌ని జూలై నుంచి డిసెంబర్ దాకా ఎవరూ ముట్టుకోరు, ఏప్రిల్‌లో రోజుకి పదిసార్లు తెరుస్తారు. వరదల్లో మునిగిన గోడౌన్ల సరుకు లెక్క రిపోర్ట్‌ని మూడేళ్ళు ఎవరూ చూడకపోవచ్చు, నాలుగో ఏడాది ఆగస్టులో బీమా కంపెనీకి అదే కావాలి. కాబట్టి వాడకంతో పాటు, ఎప్పుడు అవసరమో యజమాని చేత రాయించుకోవాలి. యజమాని ఎవరో తేలని రిపోర్ట్‌ని ముందు మెయిల్ ఆపి, నెల చూసి, తర్వాత దాచేసి, ఏడాది తిరిగాక తుడిచేయడం నడుస్తున్న మర్యాద. మెయిల్ ఆగిన మొదటి వారంలోనే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, అప్పుడు యజమాని కూడా దొరికినట్టే.

కొత్త కోరికల వరస విషయంలో చెప్పడానికి పెద్దగా లేదు. గట్టిగా అడిగినవాళ్ళ పని ముందు అవుతుంది, అన్నిచోట్లా ఇదే తంతు. దానికి తెలిసిన విరుగుడు, వరసని అందరికీ కనిపించేలా గోడకి పెట్టడం, తన పని ముందుకి జరపమన్న జోనల్ మేనేజర్‌నే ఎవరి పని వెనక్కి నెట్టాలో చెప్పమనడం. అలా అడిగేసరికి చాలామంది, పర్లేదు లెండి, వచ్చే నెలకి చూద్దాం అంటారు.

చివరికి, ఎవరు ఏం చూడాలన్నది. కాకినాడ మేనేజర్‌కి కాకినాడ డీలర్లే కనిపించేలా వరసలవారీగా కట్టడి చేయడం ఇప్పటి టూల్స్ అన్నిటిలో ఉంది. జిల్లాలు మారినప్పుడు ఈ కట్టడి కూడా మార్చాలి, అది చాలామంది మర్చిపోతారు. దాంతో నిడదవోలు డీలర్ల ధరలు ఇంకా భీమవరం ఆఫీసులో కనిపిస్తూ, ఇప్పుడు వాళ్ళని చూసుకునే రాజమహేంద్రవరం ఆఫీసులో కనిపించకుండా ఉండొచ్చు. రైతుల ఫోన్ నంబర్లు, ఆధార్, అప్పుల వివరాలు ఉన్న రిపోర్టుల విషయం ఇంకా తీవ్రం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, భద్రతా ఏర్పాట్లు సరిగ్గా చేయక డేటా బయటికి పొక్కితే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని రాసి ఉంది.

సిస్టమ్‌లో ఎంత పకడ్బందీగా తాళాలు వేసినా, అసలు పంపిణీ జరిగేది వాట్సాప్‌లో. ఏరియా మేనేజర్ పొద్దున్నే డ్యాష్‌బోర్డ్‌ని ఫోన్‌తో ఫొటో తీసి ‘గోదావరి సేల్స్ టీమ్’ గ్రూప్‌లో పెడతాడు, అందులో మానేసిన ఉద్యోగులు కూడా ఉంటారు, ఒకరిద్దరు డీలర్లు కూడా ఉంటారు. తిట్టి లాభం లేదు, ఫీల్డ్‌లో బండి మీద తిరిగే కుర్రాళ్ళకి లాప్‌టాప్ తెరిచి లాగిన్ అయ్యే తీరిక ఉండదు. పేర్లూ ఫోన్ నంబర్లూ తీసేసి, ఫోన్ తెరకి సరిపోయే చిన్న సారాంశం బొమ్మని టీమే రోజూ 7 గంటలకి పంపడం తేలికైన దారి. దాని మీద తేదీ, సమయం, ఏయే బ్రాంచీల డేటా అందిందో అచ్చు వేసి పంపితే, కనీసం మొన్నటి బొమ్మని ఇవాళ్టిదనుకుని డీలర్‌కి ఫోన్ చేసి కేకలేసే పని తప్పుతుంది.